జిడ్డు మూటలు

ఆ ఇంట్లో వీధివైపు కిటికీ ఉన్న గది ఒక్కటే. అందులో ఇరవై ఆరేళ్లుగా కాపురముంటున్నవి ఒక వ్యాను తాలూకు విడి భాగాలు. వ్యాను మాత్రం బయట ఎండకూ వానకూ నిలబడి ఉండేది. "బండి బయట, దాని పేగులు లోపల. ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ చూస్తే ఏమనుకుంటాడో" అని ఆమె వచ్చినవాళ్లందరితోనూ అనేది. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె భర్త కూడా నవ్వేవాడు. నవ్వి, ఆ సాయంత్రమే ఇంకో ముక్క తెచ్చి లోపల పెట్టేవాడు.

ఆయన పని ఆస్పత్రి దుప్పట్లు మోయడం. పొద్దున్నే రెండు ఆస్పత్రుల నుంచి మాసిన దుప్పట్లు ఎత్తుకుని ఊరి చివరి లాండ్రీలో దించేవాడు. సాయంత్రం ఉతికి మడతపెట్టినవి మళ్లీ ఆస్పత్రులకు చేర్చేవాడు. వీధిలో అందరికీ ఆయన దుప్పట్లాయన. ఆ లెక్కన ఆమె దుప్పట్లావిడ. డిగ్రీ చదివింది ఈ బిరుదు కోసమేనని ఆమె తన మీద తనే జోకు వేసుకునేది.

వ్యాను చాలా పాతది. ఆ రకం తయారీ ఆగిపోయి పదకొండేళ్లయింది. లాండ్రీ యజమాని పాతకాలం మనిషి కాబట్టి మాట దాచుకోలేదు. "నీ బండి తిరిగినన్నాళ్లూ ఈ పని నీదే. అది ఆగిపోయిన రోజు నేను ఇంకొకళ్లని చూసుకుంటాను. ఏమీ అనుకోకు" అని చెప్పేశాడు. ఆమె భర్త ఏమీ అనుకోలేదు. బండి ఆగకుండా చూసుకోవడమే తన పని అనుకున్నాడు. ఇంకో బండి కొని మళ్లీ మొదలుపెట్టే వయసు కాదు కాబట్టి, ఈ బండి ఎన్నాళ్లో ఆయన ఉద్యోగమూ అన్నాళ్లే. ఆ బండికి కావలసిన ముక్కలు బజారులో దాదాపు దొరకవు. దొరికితే ఆ కిటికీ గదిలోనే దొరకాలి.

ఇదంతా ఆమెకు తెలియనిది కాదు. అయినా ఆ కిటికీ పక్కన ఒక కుర్చీ వేసుకుని, మధ్యాహ్నం పని అయ్యాక ఓ గంట పుస్తకం చదువుకోవాలని ఆమెకు ఒక కోరిక ఉండేది. పెద్ద కోరికేమీ కాదు. అందుకే అది ఎవరికీ పెద్దగా కనపడలేదు.

ఆయనకు కంట్లో శుక్లాల ఆపరేషన్ చెయ్యాలని తేలినప్పుడు ఆమె దిగులు పడాల్సినంతా పడింది. పడ్డాక ఒక ఆలోచన వచ్చింది. డాక్టరు చెప్పినవాటిలో ఆమె చెవికి బాగా ఎక్కినవి నాలుగు. వంగకూడదు, బరువులెత్తకూడదు, దుమ్ములోకి పోకూడదు, నల్లద్దాలు తియ్యకూడదు. మూడు వారాలు. ఆ మూడు వారాలకీ లాండ్రీ యజమాని బాడుగ బండి చూసుకుంటానన్నాడు. ఆ గదికి కాపలా లేకపోవడం ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మర్నాడు ఆమె మెల్లగా మాట కదిపింది.

"ఏమండీ, ఆ గది కాస్త సర్దనా?"

"ఏ గది?"

"మనకున్నవి మూడు. వంటింట్లో నేనుంటాను, ఇందులో మీరున్నారు. మిగిలింది ఏదో మీరే చెప్పండి."

ఆయన నల్లద్దాలు సర్దుకున్నాడు. "సర్దు. నేనూ ఎప్పటినుంచో అనుకుంటున్నా. సగం ఉంచి సగం తీసేద్దాం. పనికొచ్చేవి ఉంచు, మిగతావి ఇచ్చేయ్. ఒక్క పని చెయ్యి, నాలుగు రోజులాగి గుమ్మంలో నాకో కుర్చీ వెయ్యి. కూర్చుని ఏది ఏదో చెప్తా."

"ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో నాకు తెలీదా? ఇన్నేళ్లుగా చూస్తున్నా."

"చూస్తున్నావులే" అని ఆయన నవ్వాడు. "వైపరు పుల్లతో బూజు దులిపావు ఒకసారి."

"బాగా దులిపింది."

గుమ్మంలో కుర్చీ వేస్తే ఏమవుతుందో ఆమెకు ఎరుకే. ఒక్కో ముక్కకూ ఒక్కో కథ ఉంటుంది. ఎక్కడ ఆగిపోయింది, ఎవరు తోశారు, ఎంత వాన. కథ అయ్యేసరికి ముక్క మళ్లీ అల్మరా ఎక్కి కూర్చుంటుంది. అందుకని ఆమె నాలుగు రోజులు ఆగలేదు. రెండో రోజే ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లింది.

లోపల సామాను రెండు జాతులుగా ఉంది. పై అరల్లో ఉన్నవి కిరసనాయిలుతో కడిగి, వెండిరంగు పూసి, ఒకదాని పక్కన ఒకటి వరసగా పెట్టినవి. ఆటల పోటీల్లో గెలుచుకొచ్చిన కప్పుల్లా మిలమిలా మెరుస్తున్నాయి. కింది అరల్లో ఉన్నవి చిరిగిన ఆస్పత్రి దుప్పట్ల ముక్కల్లో చుట్టిన మూటలు. గుడ్డ మీదికి గ్రీజు ఊరి, దానికి దుమ్ము పట్టి, ముట్టుకుంటే వేలికి అంటుకుని వదలడం లేదు. ఒక్కో మూటకీ పురికొసతో ఒక అట్టముక్క కట్టి ఉంది.

ఇందులో ఆలోచించడానికేముంది అనుకుంది ఆమె. ఏ ఇంట్లోనైనా మంచి సామాను కడిగి పైన పెడతారు, పనికిరానిది ఏ గుడ్డలోనో చుట్టి కిందికి తోస్తారు. ఆమె వంటింట్లో కొత్త గ్లాసులు పై అరలోనే ఉన్నాయి. అంచు చిట్లినవి రోజువారీకి.

పాత ఇనుము కొనే ముసలాయన తోపుడు బండి తెచ్చి పెరటి గుమ్మం దగ్గర ఆపాడు. నాలుగైదు మూటలు ఎత్తాక నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఇవి విప్పి చూసుకున్నారా?"

"విప్పితే ఆ జిడ్డు ఎవరు వదిలిస్తారు? నువ్వు వదిలిస్తావా?"

"అది కాదమ్మా. ఇంత గ్రీజు పూసి కట్టారంటే..."

"మా ఆయన దేనికైనా పూస్తారు. నేను కదలకుండా కూర్చుంటే నాకూ పూసి, అట్టముక్క కట్టి పక్కన పెట్టేవారు."

ముసలాయన పళ్లు లేని నోటితో నవ్వాడు. నవ్వుతూనే చేతిలో ఉన్న మూట అట్టముక్కను ఆమెవైపు తిప్పాడు. "దీని మీద ఏదో రాసుంది. నాకు చదువు రాదు. మీరే చూడండి."

ఆమె చూసింది. ఆయన చేతిరాతే. లావుపాటి పెన్సిలుతో, ముద్దలు ముద్దలుగా. సెకండ్ గేరు. బాగుంది. ఇంకా మూడేళ్లు తిరుగుతుంది.

ఒక్క క్షణం ఆగింది. ముందు గదిలో మంచం మీద మనిషి ఉన్నాడు, వెళ్లి అడగవచ్చు. అడిగితే కుర్చీ వెయ్యమంటాడు. అయినా ఆయనకు బాగాలేనిది ఏముంది? ఊచలు విరిగిన గొడుగూ బాగుంది, ఆగిపోయిన గోడగడియారమూ బాగుంది.

"రాసుంటే రాసుందిలే. తీసుకెళ్లు" అంది.

మూటలు బండిలో పడుతుంటే ధనధనమని చప్పుడయింది. ముందు గదిలోంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏంటా చప్పుడు?"

"గిన్నెలు తోముతున్నా."

 ఆమె కూనిరాగం తీస్తూ కింది అరలు ఖాళీ చేసి, నేల మూడుసార్లు కడిగింది. సాయంత్రానికి కిటికీ తెరుచుకుంది. దాని గొళ్లెం ఊడదీయడానికే అరగంట పట్టింది. కుర్చీ వేసుకుని కూర్చుని పుస్తకం తెరిచింది. చదివింది నాలుగు పేజీలే. మిగతా సేపంతా వీధి చూస్తూ కూర్చుంది. తన ఇంటి ముందు వీధి ఇంత బాగుంటుందని ఆమెకు తెలియదు.

మూడు వారాలయ్యాక ఆయన నల్లద్దాలు తీశాడు. కొత్త కళ్లతో ప్రపంచం చూడటం మొదలుపెట్టి ఆమె ప్రాణం తీశాడు. గోడ మీద బల్లి గుడ్లు కనపడ్డాయి. కూరలో రాయి కనపడింది. "నీ జుట్టు ఎప్పుడు ఇంత నెరిసింది?" అని అడిగాడు. "మీకు కళ్లు కనపడనప్పుడు" అని ఆమె చెప్పింది. అలా నవ్వుకుంటూనే కిటికీ గదిలోకి వచ్చాడు.

వచ్చి, పై అరలు చూశాడు. కింది అరలు చూశాడు. వెండిరంగు పూసిన ముక్క ఒకటి తీసి, బొటనవేలితో రాసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

"ఆ గుడ్డ మూటలు ఏవి?"

"అవా? చెత్తతో పాటు ఇచ్చేశా. లోపలేముందో ఎవరు చూశారు."

"అట్టముక్కలు కట్టి ఉండాలే."

"నాకేం కనపడలేదండీ" అంది ఆమె. ఆ మాట ఆమె అనుకుని అన్నది కాదు. నోరు తెరిచేసరికి అదే బయటికొచ్చింది.

ఆయన తల ఊపాడు. "గది బాగుంది. గాలి వస్తోంది" అని వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాడు. ఒక గ్లాసు తాగి, ఇంకో గ్లాసు తాగాడు. ఆమె అది చూసింది. చూసీ, పుస్తకం తీసుకుని కూర్చుంది.

మళ్లీ దుప్పట్ల పని మొదలైంది. రెండు నెలలు ఏ గొడవా లేదు. మూడో నెలలో, ఆస్పత్రి వెనక ఎత్తుదారిలో, నిండు బరువుతో ఎక్కుతుంటే సెకండ్ గేరు జారడం మొదలైంది. వేస్తే పడుతుంది, రెండు బారలు పోగానే టక్కున ఊడుతుంది. ఆయన ఒక చేత్తో స్టీరింగూ ఇంకో చేత్తో గేరు కర్రా పట్టుకుని వారం రోజులు నెట్టుకొచ్చాడు. తర్వాత మెకానిక్‌ను పిలిచాడు.

మెకానిక్ ఆయనకు తమ్ముడి వరస. చుట్టరికం లేదు. ఇరవయ్యేళ్లు ఒకే బండి కింద పడుకున్నవాళ్లకు చుట్టరికంతో పనిలేదు. ఇంటి ముందే గేరుబాక్సు దించి విప్పాడు. ఆమె టీ తీసుకుని బయటికి వచ్చేసరికి అతను ఒక పళ్ల చక్రం చేత్తో పట్టుకుని తిప్పుతున్నాడు.

"పళ్లు మొత్తం తినేసింది అన్నా. కొత్తదని వేశాం గానీ ఇది అసలుది కాదు, ఎవడో పోతపోసిన నకలు. పోనీలే, పాతది ఉందిగా. నాలుగేళ్ల కిందట దించినప్పుడు నేనే గ్రీజు పూసి చుట్టా. పట్రా, గంటలో బిగించేస్తా."

"లేదురా" అన్నాడు ఆయన.

"లేకపోవడమేంటి?"

"ఎవరికో ఇచ్చేశాలే. అవసరం అని అడిగితే."

మెకానిక్ నోరు తెరిచాడు. "నువ్వా? ఇచ్చావా? బోల్టు అడిగితే నట్టు కూడా ఇవ్వనివాడివి."

ఆమె టీ గ్లాసులు గట్టు మీద పెట్టి, లోపలికి పోయి, పై అరలోంచి అచ్చం అలాంటిదే వెండిరంగు చక్రం తెచ్చి మెకానిక్ చేతిలో పెట్టింది. "ఇది ఉందిగా. కొత్తదానిలా ఉంది."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. నవ్వు మధ్యలో అన్న ముఖం చూసి, ఆపేశాడు.

"ఇది నమూనా వదినా. చచ్చిపోయినవాటికి అన్న రంగు వేసి ఉంచుతాడు. కొట్టుకి పట్టుకెళ్లి బల్ల మీద పెట్టి 'ఇదిగో, ఈ కొలత' అనడానికి. జిడ్డుతో తీసుకెళ్తే కొట్టువాడు తిడతాడు కదా, అందుకని కడిగి సోకు చేస్తాడు. ప్రాణం ఉన్నవాటికి రంగెందుకు? వాటికి గ్రీజు కావాలి, గుడ్డ కావాలి. అన్న పద్ధతి నీకు తెలియనిదా? కొత్తది బండిలో ఉండాలి, సగం ప్రాణమున్నది అల్మరాలో ఉండాలి. దారిలో ఆగిపోతే..."

"టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాడు ఆయన.

ఆ మధ్యాహ్నమే ఆమె పాత ఇనుము ముసలాయన కొట్టు వెతుక్కుంటూ వెళ్లింది. గుట్టలు గుట్టలుగా ఇనుము. ఆమె రెండు చేతులూ పెట్టి వెతికింది. మోచేతుల దాకా తుప్పు. ముసలాయన పక్కన గొంతుక్కూర్చుని చూశాడు.

"దొరకవమ్మా. నెల నెలా లారీ వస్తుంది. ఈపాటికి కరిగిపోయి ఉంటాయి." తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ రోజు నేను అడిగా."

"అడిగావు" అంది ఆమె.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. ఆయనా మెకానిక్కూ కలిసి పాత సామాను కొట్లన్నీ తిరిగారు. రంగు వేసిన నమూనా ప్రతి బల్ల మీదా కూర్చుని వచ్చింది. ఎవరి దగ్గరా దాని జోడీ లేదు. లేత్ మిషన్ మీద ఒకటి కోయించారు. అది సరిగ్గా పదకొండు రోజులు తిరిగింది. పన్నెండో రోజు ఎత్తుదారి సగంలో విరిగి, పక్కనున్న పళ్లను కూడా విరగ్గొట్టింది. బండి నిండా మాసిన దుప్పట్లతో ఆయన అక్కడే మూడు గంటలు కూర్చున్నాడు. లాండ్రీ యజమాని అన్న మాట ప్రకారం ఇంకొకళ్లని చూసుకున్నాడు. చెప్పడానికి తనే స్వయంగా ఇంటికి వచ్చాడు, అది మాత్రం ఆయన మంచితనం. ఆమె కుర్చీ వేసింది. యజమాని కూర్చోలేదు.

అలాంటి బండే ఉన్న ఒకాయన దూరం నుంచి వచ్చి, విడి భాగాల కోసం వ్యానును కొనుక్కున్నాడు. లాక్కుపోవడానికి ట్రక్కు తెచ్చాడు. తాళ్లు కట్టేలోగా ఆమె భర్త ఆ మనిషిని వెంటబెట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. రేడియేటరు నిరుడు మార్చింది, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు. ఎడమ తలుపు గట్టిగా వెయ్యకు, మెల్లగా వేస్తేనే పడుతుంది. స్టార్టరు మోటారు మంచిది, పొద్దున పూట మాత్రం కాస్త బతిమాలుకోవాలి. కొనుక్కున్నాయన అన్నిటికీ తల ఊపాడు. మరీ ఎక్కువ ఊపాడు. పిల్లనిచ్చేవాళ్ల ముందు ఊపినట్టు.

ట్రక్కు మలుపు తిరిగాక ఇద్దరూ గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. ఇంటి ముందు నేల మీద నూనె మరక ఒకటి, నాలుగు చక్రాల గుంటలు మిగిలాయి.

"నువ్వు అన్నం తిన్నావా?" అన్నాడు ఆయన.

"తింటాలెండి."

వీధివైపే చూస్తూ ఆయన అన్నాడు. "ఆ రోజు నేను లేచి రావాల్సింది."

"ఏ రోజు?"

"గిన్నెలు తోమిన రోజు." ఆయన గొంతులో ఎగతాళి లేదు. "గిన్నెల చప్పుడేదో, ఇనుము చప్పుడేదో నాకు తెలీదా? లేచా కూడా. నువ్వు ఏదో కూనిరాగం తీస్తున్నావు. ఎన్నాళ్లయింది విని. ఆపబుద్ధి కాలేదు. పోతే ఆ రంగేసిన ముక్కలేగా పోయేది అనుకుని మళ్లీ పడుకున్నా. మూటల మీద అంతంత అక్షరాలు రాసి పెట్టానాయె. చదువుకున్నదానివి, చూస్తావులే అనుకున్నా. నీకు కనపడలేదు, ఏం చేస్తాం. జిడ్డు కప్పేసి ఉంటుంది."

ఇక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఆయన తనంతట తనే ఆమెకు ఒక దారి తీసి ఇచ్చాడు. అందులోంచి నడిచిపోతే ఎవరూ అడిగేవాళ్లు లేరు. ఆమె ఆ దారిన పోలేదు.

"కనపడింది" అంది.

ఆయన ఆమెవైపు తిరిగాడు.

"చదివాను కూడా. ఆ ముసలాయన నావైపు తిప్పి చదవమన్నాడు. చదివి, తీసుకెళ్లమన్నా. మీరు అడిగితే కనపడలేదని అబద్ధం చెప్పా."

వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ ఆయనకు చెయ్యి ఊపారు. ఆయన కూడా ఊపాడు. చెయ్యి దించుకోవడం మర్చిపోయి కాసేపు అలాగే ఉంచాడు.

"ఏమని రాసుంది?" అని అడిగాడు.

"సెకండ్ గేరు. బాగుంది. ఇంకా మూడేళ్లు తిరుగుతుంది."

"మూడా?" ఆయన వేళ్లు మడిచి ఏదో లెక్కేసుకున్నాడు. "నేను రెండు అనుకున్నానే."

తిడతాడేమో అని ఆమె ఎదురుచూసింది. తిడితే కొంత తీసుకోవచ్చు, కొంత తిరిగి అనవచ్చు. ఆయన మోకాళ్ల మీద చేతులు వేసి లేచి, లోపలికి వెళ్లి, ఆమె కోసం కంచం పెట్టాడు.

వారం తర్వాత ఒక పొద్దున కొత్త వ్యాను ఒకటి ఇంటి ముందు ఆగింది. తెల్లగా, చప్పుడు లేకుండా వచ్చింది. లాండ్రీవాళ్లు పెట్టుకున్న కొత్త డ్రైవరు దిగాడు. నలభై దాటిన మనిషి, మర్యాదస్థుడు.

"అన్నా, ఏమీ అనుకోకండి. పెద్ద ఆస్పత్రిలో ఏ గేటు నుంచి పోవాలో, ఏ అంతస్తులో ఎవర్ని అడగాలో అంతుపట్టడం లేదు. నిన్న నన్ను రోగి తాలూకు మనిషి అనుకుని మందుల చీటీ చేతిలో పెట్టారు. ఒక్క రోజు నాతో వచ్చి దారి చూపిస్తారా?"

ఆయన చొక్కా మార్చుకుని, బూట్లు వేసుకుని, జుట్టు దువ్వుకుని రావడానికి పట్టినంత తక్కువ సమయం ఆమె ఎప్పుడూ చూడలేదు. అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దగ్గరికి పోయి, ఆగి, వెనక నుంచి చుట్టూ తిరిగి పక్క సీటు ఎక్కాడు. బండి కదిలింది. కదిలేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి దానంతట అదే పక్కకి పోయి గేరు కర్ర కోసం చూసుకుంది. ఆ వైపు తలుపు ఉంది. చెయ్యి కాసేపు దాని మీదే ఉండిపోయింది. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది.

మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. ముఖం కడుక్కుని కూర్చున్నాడు. ఆమె అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఎలా ఉంది కొత్త బండి?"

"బాగుంది. నడుస్తోందో ఆగిందో తెలీదు."

"ఆయనకు అన్నీ చూపించారా? రేపు కూడా వెళ్లాలేమో కదా. రెండు ఆస్పత్రులు, ఇన్ని గేట్లు. నాకైతే వారం పట్టేది."

"అక్కర్లేదు" అన్నాడు ఆయన, కంచంలోకి చూస్తూ. "చురుకైనవాడు. ఒక్కసారి చెప్తే పట్టేశాడు. రేపట్నుంచి వాడొక్కడే వెళ్లిపోతానన్నాడు."

ఆమె గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి కాస్త మందమతి అయి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది. మరీ ఎక్కువ వద్దు, ఇంకో నాలుగు రోజులు దారి తప్పేంత.